కాశీలో వదిలిన మిఠాయి

ఛత్రినాకలో మిఠాయి దుకాణం పైన ఇల్లు. మధ్యాహ్నం రెండు దాటింది. అత్త నాగమణమ్మ, కోడలు స్రవ్య.

"గ్లాసు కింద పెట్టు."

"అత్తమ్మా, గొంతు ఎండుకపోతున్నది."

"పొద్దటి సంది మూడు గ్లాసులైనయ్. నేను చూస్తలేననుకున్నవా? పెట్టు కింద."

"నీళ్లే కదా, కల్లు కాదు కదా."

"నీళ్లే కాబట్టి వద్దంటున్న. డాక్టరమ్మ ఏమన్నది? ఉమ్మనీరు ఎక్కువున్నదన్నది. ఉన్నయే ఎక్కువైతె పైకెళ్లి ఇంకిన్ని పోస్తరా ఎవరన్న?"

"తాగిన నీళ్లు సీదా పోయి బిడ్డ చుట్టు నిలబడయ్ అత్తమ్మా. ఆమె నీళ్లు బందు చెయ్యమనలే. దూపైతె తాగుమన్నది. మీరే కదా పక్కన కూసున్నరు."

"కూసున్న. ఆమె ఇంగ్లీషుల చెప్తుంటె నేను ఫ్యాన్ దిక్కు చూసుకుంట కూసున్న. ఇగో, ఈ లడ్డు తిను. గొంతు అదే తడైతది."

"మళ్ల లడ్డా? అన్నం తిన్నంక రెండు పెట్టిన్రు."

"రేపు శ్రీమంతం పెట్టుకొని రుచి చూడకుంటె ఎట్ల? కింద ఇరవై ఒక్క రకాలు తయారైతున్నయ్. నీ ముందట పెట్టేటియి నువ్వు చూడవా?"

"మీరు చూడుండ్రి."

"నేను తింటనా? కాశీల వదిలేసి వస్తిని గద."

"ఆ, కాశీ."

"గట్లంటవేంది? కాశీకి పోతె ఇష్టమైంది ఒకటి గంగల వదిలి రావాలె. అందరు కాకరకాయ వదులుతరు, సొరకాయ వదులుతరు. నేను మిఠాయి వదిలిన. మిఠాయి దుకాణపోళ్ల ఇంట్ల ఉండి ముప్పై ఏండ్ల సంది ఒక్క పలుకు ముట్టలే."

"తెల్సు. బస్తీల అందరు చెప్పుకుంటరు."

"నేను తెచ్చిన గంగనే మా అత్తకు ఆఖర్ల తులసాకు ఏసి నోట్లె పోసినం. ఎంత పుణ్యం చేసుకున్నది ముసల్ది, గిసొంటి కోడలు దొరికింది అని వచ్చినోళ్లంత అన్నరు."

"జర గా దిండు ఇటియ్యుండ్రి. ఇంకోటి గూడ. ఎడమ దిక్కు ఒరుగుత."

"రాత్రి కూసొనే పండినవట. రాహుల్ చెప్పిండు."

"పండుకుంటె ఊపిరాడుతలేదు. పొట్ట తాడేసి గుంజినట్టున్నది. తొమ్మిదో నెల పడంగనే గింత పొట్ట, కవలలా అని అడుగుతున్నరు."

"దిష్టి. రేపు అందరు పోయినంక మిరపకాయలు తిప్పి పారేస్త."

"దిష్టితోని పోయేదైతె డాక్టరమ్మ టెస్టు ఎందుకు రాస్తది? గా చీటీ యాడ పెట్టిన్రు?"

"ఏ చీటీ?"

"షుగర్ టెస్టు చీటీ. మూడు వారాలైంది. ఫైల్ల పెట్టిన, ఇప్పుడు లేదు."

"ఇల్లు సదిరినప్పుడు యాడనో పడ్డది."

"స్కానింగ్ కాగితం ఉన్నది, రక్తం కాగితం ఉన్నది, ఆఖరికి ఆటో అతని నంబర్ రాసిన కాగితం గూడ ఉన్నది. గదొక్కటే పడ్డదా?"

"నన్నడుగుతవేంది? నాకు చదువొస్తదా? ఇగో, నీ ఫోన్ మోగుతున్నది."

"రాహుల్. స్పీకర్ల పెట్టుండ్రి, నాకు అందుతలేదు."

"ఆ, చెప్పు బిడ్డా."

"అమ్మా, బాలకిషన్ అన్న బూందీ పాకం చూడమంటున్నడు. కిందికొస్తవా?"

"నేను రాను. రెండు వేళ్ల నడుమ పెట్టి గుంజు. తీగ సాగిందా?"

"సాగింది. ఆగు, నోట్లె ఏసుకొని చూస్త."

"పాకానికి నోరెందుకురా? వేళ్లే చెప్తయ్."

"అందరు నీ లెక్క కాశీకి పోయి రాలే అమ్మా. ఆహా, మస్తుంది. స్రవ్యా, తిన్నవా?"

"తిన్న. రాహుల్, రేపు పొద్దున పరగడుపున ల్యాబ్‌కు తీస్కపోవా..."

"రేపా? రేపు రెండొందల మంది వస్తున్నరు. ఎల్లుండి చూద్దం. అమ్మా, స్రవ్యను జర చూసుకో, నీళ్లెక్కువ తాగనియ్యకు. పెడ్తున్న."

"ఇన్నవా? ఎల్లుండి అన్నడు. అయిపాయె."

"పోయిన వారం గూడ ఎల్లుండే అన్నడు."

"ల్యాబ్ యాడున్నది? ఉప్పుగూడ స్టేషన్ కాడ. గా రోడ్ల మీద ఆటోల కుదుపులకు కడుపు ఏంగావాలె? కడుపుతోని ఉన్నోళ్లు గడప దాటద్దు."

"మరి రాహుల్ కడుపుల ఉన్నప్పుడే కదా మీరు కాశీకి పోయింది?"

"ఎవరు చెప్పిన్రు?"

"మీరే. పెండ్లైన కొత్తల చెప్పిన్రు. ఏడో నెల, మీ అన్నవాళ్లతోని, పదిహేను రోజులు. ఉప్పుగూడ దాక ఆటోల పోతె కుదుపులు, కాశీ దాక రైల్ల పోతె లేవా?"

"అప్పటి రైళ్లు వేరే. నిమ్మళంగ పోతుండె."

"మీ అత్త ఎట్ల పోనిచ్చింది? మిమ్ములను బోనాలకు గూడ బయట నిలబడనియ్యలే అంటరు."

"దేవుని పని అంటె ఏమంటది? లడ్డు తిను, ఈగలు వాల్తున్నయ్."

"నాకొద్దు."

"మిఠాయి దుకాణం కోడలు మిఠాయి వద్దంటె రేపు వచ్చినోళ్లు ఏమనుకుంటరు? పాకంల బల్లి పడ్డదేమో అనుకోరా? ఎదురింటి కళావతి నోరు నీకెర్క లేదా?"

"రేపు కళావతక్క ముందటనే చెప్త. నాకు షుగర్ ఉండొచ్చు, అందుకే తింటలేను అని."

"ఏయ్! చిన్నగ. కింద దుకాణంల గిరాకి ఉన్నది. ఈ ఇంట్ల ఎవ్వరికి లేదు గా రోగం."

"లేకుంటె టెస్టుల లేదనే వస్తది. మీకెందుకు భయం?"

"నాకేం భయం? నీళ్లు తగ్గిస్తె పొట్ట అదే తగ్గుతది. నాకు గిట్లనే నీరెక్కువైతె మా అత్త గట్లనే చేసింది. బిందె తీస్కపోయి ఆమె అర్రల పెట్టుకున్నది. దినానికి రెండు గ్లాసులు, గంతే."

"తగ్గిందా?"

"కరెంటు పోయినట్టున్నదే."

"ఫ్యాన్ తిరుగుతున్నది అత్తమ్మా. పొట్ట తగ్గిందా?"

"ఎన్నడో సంగతి. ఇప్పుడెందుకు?"

"మీరు ఫ్యాన్ దిక్కు చూసినా నేను ఇన్న. నీరు గిట్లనే పెరిగితె నెలలు నిండకముందే కాన్పు కావొచ్చన్నది. ఉమ్మనీరు ఒక్కపారి పోతె బొడ్డుతాడు ముందుగాల జారొచ్చన్నది, అప్పుడు ఒక్క నిమిషం ఆగకుండ దవాఖానకు రావాలన్నది. షుగర్ ఉండి చూసుకోకుంటె బిడ్డకే... చెప్పబుద్ధైతలేదు. నాకు భయమైతున్నది అత్తమ్మా. ఇంట్ల ఇంతమంది ఉన్నరు, నా పొట్టను అందరు చూస్తున్నరు, నా మాట ఒక్కరు ఇంటలేరు."

"ఏడ్వకు. ఏడిస్తె ఆయాసం ఎక్కువైతది. కదులుతున్నడా?"

"పొద్దున మస్తు కదిలిండు. ఇప్పుడు... ఆ, ఇగో. తన్నిండు."

"చెయ్యి పెట్టనా?"

"పెట్టుండ్రి."

"ఆడు గూడ గిట్లనే తన్నెటోడు. గిక్కడనే."

"రాహులా?"

"రాహుల్ కాదు."

"మరి ఎవరు?"

"నువ్వు లేవకు. చేతులు కడుక్కో, గా గ్లాసుల నీళ్లతోని, ప్లేట్లకే కడుక్కో. నేను దేవుని అర్రలకు పోయొస్త."

"ఇప్పుడు దేవుని అర్రల ఏం పని? అత్తమ్మా? ఏంది గది? కుంకుమ డబ్బానా?"

"వేలియ్యి. మంచిగ తుడిసినవా? వేలికి పాకం అంటి ఉంటె తప్పు చూపిస్తది."

"ఇది షుగర్ మిషన్ కదా!"

"చిన్నగ మాట్లాడు అన్న గద. వేలు పక్కకు గుచ్చుత, నడుమ గుచ్చితె నొప్పి లేస్తది. అయిపాయె, చూడు. ఎంత?"

"రెండొందల పద్నాలుగు. అంటె ఉన్నట్టేనా?"

"రెండు లడ్లు తిన్నంక మిషన్ ఏమంటదో చెప్పలేం. ల్యాబ్ల చేస్తెనే ఖరారు. పొద్దుగాల ఏడింటికి పోదం, పరగడుపున. ఇగో, చీటీ."

"ఇది మీ కాడనే ఉన్నదా?"

"మూడు వారాల సంది బొడ్లె చెక్కుకొని తిరుగుతున్న. చింపబుద్ధి గాలే, ఇయ్యబుద్ధి గాలే."

"మీరు దినాం ఏసుకునేటివి థైరాయిడ్ గోలీలు అన్నరు..."

"అన్న."

"మరి నాకెందుకు నీళ్లు బందు పెట్టిన్రు?"

"చీటీ ఇయ్యాలంటె ఇదంత చెప్పాలె గద బిడ్డా. గ్లాసు గుంజుకునుడు అల్కగ ఉండె."

"రేపు రెండొందల మంది?"

"కూసుంటరు. మనం వచ్చినంకనే షురూ. పుణ్యానికి పెట్టే మిఠాయి, యాడికి పోతరు?"

"అందరు నోట్లె కుక్కుతరు కదా అత్తమ్మా. ఏమని చెప్పాలె?"

"కాశీల వదిలిన అను."

"నేను కాశీకి ఎన్నడు పోయిన?"

"నేను మాత్రం ఎన్నడు పోయిన?"

"అంటె... గా పదిహేను రోజులు?"

"దవాఖానల ఉన్న. పొద్దు మాపు సూది. మొదటోడు గట్ల పోయిండు, ఎనిమిది నెలలు నిండి, కడుపులనే. రాహుల్‌ను గూడ పోగొట్టుకుంటనా? షుగరున్న కోడలు అంటె మా అత్త ఆ దినమే పుట్టింటికి తోలుతుండె. మీ మామనే కాశీ అని చెప్పిండు. గంగ చెంబు గూడ ఆయననే బేగంబజార్ల కొనుక్కొచ్చిండు."

"ఆగుండ్రి. మరి మీ అత్త నోట్లె పోసిన గంగ?"

"ఇంటి నల్లా నీళ్లు బిడ్డా. నాకు బందు పెట్టిన నీళ్లే."