చారల గుడ్డ మూట

ఆగక్కడ! ఎవర్ని అడిగి విప్పుతున్నావు ఆ మూటని? అలమర సర్దమని మీ అమ్మ పంపింది, సరే, సర్దు. దుమ్ము దులుపు, అరల్లో కాగితాలు మార్చు, పాత పత్రికలు కట్టగట్టి గుమ్మంలో పెట్టు, నేనొద్దన్నానా? కానీ ముడి వేసి ఉన్నదాన్ని విప్పేముందు, వేసినవాళ్లెవరో కనుక్కోవాలి. ఇంత చదువు చదివావు, ఆ మాత్రం ఇంగితం ఉండక్కర్లేదటే? చేతులు అలాగే ఉంచు, కదపకు. ఒక్క గింజ కింద పడిందంటే ఈ వయసులో నేను మోకాళ్ల మీద పాకాలి. ఏంటీ? పుచ్చిపోయిన గింజలా? అవును, పుచ్చినవే. నాకు తెలీదనుకున్నావా? సరిగ్గా ఆ మాటే అని నేనొకప్పుడు కొంప ముంచుకున్నాను. కూర్చో. ఆ స్టూలు లాక్కో. ఫోను అవతల పెట్టు. మీ అమ్మమ్మ సంగతి ఒకటి చెబుతాను. చెప్పేది ఆవిడ గురించే, కానీ తిట్లు పడేది మాత్రం నాకు. నవ్వకు, ఇంకా మొదలుపెట్టలేదు.

నేను పనిచేసింది ఎక్కడో తెలుసుగా, వర్క్‌షాపు స్టోర్‌రూములో. ముప్పై ఒక్క సంవత్సరాలు. చదివింది ఎనిమిదో తరగతి, కానీ ఆ గదిలో నన్ను మించిన పండితుడు లేడు. ఏ నట్టు ఏ అరలో ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ప్రతి డబ్బాకీ చీటీ, ప్రతి చీటీ మీదా గుండ్రంగా నా దస్తూరీ. పనివాళ్లు చాటున నాకు 'లేబులు' అని పేరు పెట్టారు. 'ఒరేయ్, లేబులు వస్తున్నాడు' అనేవాళ్లు. నాకు వినపడేది. వినపడి, గర్వపడేవాణ్ణి. చూడు ఎంత తెలివో! ఆ తెలివి వర్క్‌షాపు గేటు దగ్గర వదిలేసి వస్తే బాగుండేది, ఇంటికి కూడా పట్టుకొచ్చాను. గోడ మీద అట్టముక్క వేలాడదీశాను, ఎవరెప్పుడు లేవాలి, ఎవరెప్పుడు చదవాలి అని. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు 'ఆనందం' అని రాశాను. నిజం! అడుగు మీ అమ్మని. పార్కుకి వెళ్తే పిల్లలిద్దరూ నా వెనక వరసగా నడవాలి. ఐదు కొట్టగానే ఆనందం ఆపేసి ఇంటికి రావాలి. మీ అమ్మమ్మ మాత్రం వరసలో ఎప్పుడూ నడవలేదు. ఎక్కడో వెనక ఆగిపోయి, ఎవరి ప్రహరీ మీంచి ఏ కొమ్మ వేలాడుతోందో చూస్తూ ఉండేది. 'ఏమండీ, మీరు నడుస్తూ ఉండండి, ఆనందం అయిపోయేలోపు వచ్చేస్తాను' అనేది. ఎగతాళి. నాకర్థం కాలేదని అనుకునేది. అర్థమయ్యేది... కొంచెం ఆలస్యంగా.

ఆవిడ పద్ధతే వేరు. ఏదీ ఒకటి పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టడం ఉండదు. కుర్చీ మీద సగం అల్లిన మేజోడు, మంచం కింద సగం కుట్టిన బొంత, కిటికీలో పిడి విరిగిన కప్పులో ఏదో మొక్క. రంగు వేస్తానని స్టూలు తెచ్చి మూడు కాళ్లకి నీలం వేసి నాలుగోది వదిలేసింది. అడిగితే 'నాలుగోది గోడవైపు ఉంటుంది లెండి' అంది. ఆ స్టూలు నువ్వు కూర్చున్నదే. వంగి చూడు. కనపడిందా? హు. పెరడంటావా, అదొక సంత. చిక్కుడు పాదు మధ్యలో పూలమొక్క, టమాటాల పక్కన గుమ్మడి. కానీ కాసేది తల్లీ! ఎదురింటి టైలరు అక్కయ్య రోజూ గిన్నె పట్టుకుని నిలబడేది. ఇక గింజలు దాచడం సంగతి. చీటీ లేదు, సీసా లేదు. గుడ్డముక్కల్లో మూటగట్టి ఇదే అలమరలో, ఇదే అరలో పడేసేది. చిక్కుడు గింజలు మీ మామయ్య బడి చొక్కా ముక్కలో, ఎందుకంటే వాడికి చిక్కుడంటే ఇష్టం. గుమ్మడి మందపాటి పరదా గుడ్డలో. కాకర గింజలకి నా చేతిరుమాలు. ఎందుకని అడగొద్దు. ఇరవై రెండు మూటలు, ఏ గుడ్డలో ఏ గింజో ఆవిడకి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. అది నాకు కంట్లో నలుసులా ఉండేది. స్టోర్‌కీపరు ఇంట్లో చీటీ లేని సరుకా!

ఒక ఆదివారం మీ అమ్మమ్మ పిల్లల్ని తీసుకుని వాళ్ల చెల్లెలింటికి వెళ్లింది, నది ఒడ్డున తిరిగి సాయంత్రానికి వస్తామని. నన్నూ రమ్మంది. నాకు పనుందన్నాను. ఏం పని? ఇదిగో, ఇదే పని. సీసాలు కడిగి ఆరబెట్టి, మూటలన్నీ విప్పి, గింజలు సీసాల్లో పోసి, చీటీలు అంటించాను. ఏ గింజ ఏదో తెలీనివి చూపు మీద రాసేశాను. ముప్పై సైజుల బోల్టులు పోల్చగలవాణ్ణి, దోస గింజ పోల్చలేనా అని నా ధీమా. పోల్చలేకపోయాను, అది వేరే సంగతి, ఆ ఏడు దోసపాదుకి కట్టిన పందిరి మీద కాకరకాయలు వేలాడాయి. అవన్నీ పోనీ. చివరికి ఒక మూట మిగిలింది, చారల గుడ్డది. విప్పితే లోపల నల్లగా, సన్నగా, ముడతలు పడి, బూడిదలో ఇసుక కలిపినట్టున్నాయి. 'పుచ్చిపోయినవి' అన్నాను. పైకే అన్నాను, ఎవరూ లేకపోయినా. స్టోర్‌రూములో తుప్పు పట్టిన సరుకు ఏం చేస్తాం? తీసి పారేస్తాం. తూములో పోసి, పైన ఒక చెంబెడు నీళ్లు కూడా కొట్టాను, శుభ్రంగా ఉండాలని. గుడ్డతో సైకిలు తుడుచుకున్నాను.

సాయంత్రం వచ్చింది. అలమర తెరిచింది. ఇరవై ఒక్క సీసాలు, సిపాయిల్లా. నేను వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాను, మెచ్చుకుంటుందని. చాలాసేపు చూసి, 'చారల గుడ్డ మూట ఏదండీ?' అంది. 'ఏం, అందులో ఏముంది?' అన్నాను. 'మా అమ్మ పూలమొక్క గింజలు' అంది. మా అత్తగారు పోయి అప్పటికి ఏడాది. ఆవిడ గదిలోంచి అక్కాచెల్లెళ్లిద్దరూ తెచ్చుకున్నది రెండే రెండు. ఒక చారల దుప్పటి, చెరి సగం చింపుకున్నారు. ఆ పూల గింజలు, చెరి గుప్పెడు పంచుకున్నారు. అంతే. నాకు తెలీదా? చెప్పే ఉంటుంది. వినే అలవాటు నా అట్టముక్కలో రాయలేదు. ఆ క్షణాన ఒక్క మాట, 'పారేశానే, తప్పయింది' అంటే అయిపోయేది. ఏడ్చేది, రెండు రోజులు మాట్లాడేది కాదు, అయిపోయేది. కానీ పక్కనే మీ మామయ్య నిలబడి ఉన్నాడు. ముందురోజే వాడు గ్లాసు పగలగొట్టి పిల్లి మీద పెట్టాడని, 'అబద్ధం ఆడను' అని వందసార్లు రాయించాను. ఆ కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. వాడి ముందు నేనెలా...? 'ఇంకో సీసా కావాలి, రేపు పోసి పెడతాను, భద్రంగానే ఉన్నాయి' అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో, నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు విత్తనాల దుకాణానికి పరిగెత్తాను. 'నల్లగా, సన్నగా ఉండే పూల గింజలివ్వవయ్యా' అన్నాను. అతను 'నల్లగా సన్నగా ఉండేవి పద్నాలుగు రకాలున్నాయి సార్, పువ్వు ఏ రంగు?' అన్నాడు. ఏ రంగు! ఏడాది పొడుగునా ఆ మొక్క నా కిటికీ బయటే ఉంది. దాని కుండీ వంకరగా ఉందని పదిసార్లు జరిపాను. ఎండుటాకులు రాలితే చిరాకుపడ్డాను. పువ్వు వైపు ఒక్కసారి చూడలేదు. 'సార్, పోనీ ఇంటికెళ్లి చూసి రండి' అంటాడతను. వెళ్లి చూడ్డానికి ఆ మొక్క ఎండిపోయి నెలయింది. 'పసుపు' అన్నాను. ఎందుకన్నానో తెలీదు. దుకాణం గోడకి పసుపు రంగు వేసి ఉంది, అందుకే అయ్యుంటుంది.

మొలిచాయి. ఎందుకు మొలవవు, కొత్త ప్యాకెట్టు. మొగ్గ వేసిన రోజు అందరం చుట్టూ నిలబడ్డాం. విచ్చుకుంది. పసుపు. మీ అమ్మ, అప్పటికి ఆరేళ్లు, 'అవ్వ పువ్వు నీలం కదా, ఇదేంటి పసుపుగా ఉంది?' అంది. మీ అమ్మమ్మ పువ్వుని చూసింది. నన్ను చూసింది. మళ్లీ పువ్వుని చూసింది. 'గింజ పాతబడితే రంగు మారుతుందేమోనే' అంది. నేను ఊరుకోవచ్చుగా? 'అవును, మారుతుంది, శాస్త్రంలో కూడా ఉంది' అన్నాను. ఎనిమిదో తరగతి శాస్త్రం! అనగానే హాచ్చి అని ఒక తుమ్ము. ఇంకోటి. ఆ దిక్కుమాలిన పువ్వు నాకు పడదు. పూసినన్నాళ్లూ తుమ్ములే తుమ్ములు. మీ అమ్మమ్మ తువ్వాలు అందిస్తూ, 'మా అమ్మకి మీరంటే ఎప్పుడూ పడేది కాదు లెండి' అనేది, నవ్వకుండా.

అలా పన్నెండేళ్లు. ప్రతి ఏడూ ఆ గింజలు జాగ్రత్తగా ఏరి, దాచి, మళ్లీ వేసేది. మొగ్గ కట్టగానే నన్ను పిలిచేది. 'ఏమండీ, ఈ ఏడైనా నీలం తిరిగి వస్తుందంటారా?' అని అడిగి, నా మొహంలోకి చూస్తూ నిలబడేది. 'వస్తుంది, వస్తుంది' అనేవాణ్ణి నీళ్లు నములుతూ. నేను మొద్దుని తల్లీ, అది పువ్వు గురించి అడిగే ప్రశ్న అనుకున్నాను. ఒకసారి అందరం ఊరవతల పెద్ద పార్కుకి వెళ్లాం, టిఫిన్ డబ్బాలతో. అక్కడ గేటు నుంచి ఫౌంటెన్ దాకా బారులు బారులుగా అవే పసుపు పూలు, వెయ్యి ఉంటాయి. మీ మామయ్య 'అమ్మా, అవ్వ పూలు!' అని అరిచాడు. ఈవిడ తిన్నగా తోటమాలి దగ్గరికెళ్లి 'ఈ గింజలెక్కడివి బాబూ?' అంది. 'బజారులో ప్యాకెట్లమ్మా, ఎక్కడైనా దొరుకుతాయి' అన్నాడు. వచ్చి దుప్పటి మీద కూర్చుని, 'మా అమ్మకి చుట్టాలు బాగా పెరిగారండీ' అంది. నేను టిఫిన్ డబ్బా మూత బిగుసుకుపోయినట్టు దానితో కుస్తీ పడుతున్నాను. మూత ఎప్పుడో వచ్చేసింది. నా చేతిలోనే ఉంది. అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఐదు కొట్టగానే అందర్నీ లేవదీసి ఇంటికి తీసుకొచ్చాను.

ఆ తర్వాత చలికాలంలో పోయింది మీ అమ్మమ్మ. జ్వరం, నాలుగు రోజులు, అంతే. నువ్వు అప్పటికి పుట్టలేదు. ఇంట్లో ఎక్కడ చూసినా సగం సగం పనులు. నేను ఒక్కటీ సర్దలేదు. నెల తిరక్కుండా ఒక పొద్దున సైకిలు వేసుకుని మా మరదలింటికి వెళ్లాను. వాళ్లు అప్పటికి పెరడున్న ఇల్లు వదిలి మూడో అంతస్తులో ఉంటున్నారు. మెట్లెక్కి, ఆయాసం తీరకుండానే, నిలబడే, ఒక్క గుక్కలో చెప్పేశాను. తూము, చెంబెడు నీళ్లు, దుకాణం, గోడ రంగు, అన్నీ. ఆవిడ కూర గిల్లుతూ విన్నది. లేచి లోపలికెళ్లి ఇదిగో, నువ్వు విప్పిన ఈ మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండో సగం దుప్పటిది. 'తీసుకోండి బావగారూ. పసుపు పువ్వు పూసిన మొదటి ఏడే అక్క వచ్చింది. నా మొక్క గింజలు ఇస్తానంటే వద్దంది. నీ దగ్గరే ఉంచు, ఆయన నోరు విప్పి చెప్పిన రోజున వచ్చి తీసుకెళ్తాను అంది' అని చెప్పింది. ఇంకేమందని అడిగాను. 'ఆయన చెడ్డవాడు కాదే, తప్పు ఒప్పుకోవడం ఒక్కటీ స్టాకులో లేదు, వచ్చేదాకా చూద్దాం అంది' అంది. మొక్క ఏదమ్మా అన్నాను. 'ఈ ఇంటికొచ్చాక ఎండ తగలక చచ్చిపోయింది. ఈ గింజలు పాత ఇంట్లో ఏరినవి. తొమ్మిదేళ్లయింది' అంది.

తెచ్చాను. ఏడు గింజలు ఉంచి మిగతావన్నీ వేశాను, ఇరవై నాలుగు కుండీల్లో. చీటీలు అంటించలేదు. పొద్దున్నా సాయంత్రం నీళ్లు. పక్షులు తింటాయేమోనని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పది రోజులు, ఇరవై రోజులు, మట్టి మట్టిలాగే ఉంది. ఇరవై ఆరో రోజు ఒక్క కుండీలో ఒక్క మొలక. ఎగిరి గంతేశాను, ఎదురింటి టైలరక్కయ్యని పిలిచి చూపించాను. దానికి నీడ పట్టాను, పుల్ల కట్టాను, మాట్లాడాను కూడా. మొగ్గ రాగానే అందరికీ కబురు పెట్టాను. మీ అమ్మ వచ్చింది, మీ మామయ్య వచ్చాడు, మా మరదలు మూడంతస్తులు దిగి వచ్చింది. నీలం పువ్వు విచ్చుకున్నాక, దాని పక్కన నిలబడి, పిల్లల ముందు అంతా ఒప్పుకోవాలని రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. పొద్దున ఎండ పడింది. విచ్చుకుంది.

పసుపు. పెరడంతా పన్నెండేళ్లు రాలిన గింజలే కదా, కుండీల్లో పోసిన ఆ మట్టిలో ఒకటి ఉండిపోయింది. 'అమ్మ పువ్వే కదా నాన్నా, దీనికా ఇంత హడావిడి?' అంది మీ అమ్మ. మరదలు లోపలికెళ్లిపోయింది. నేను చెబుదామని నోరు తెరిచాను. తెరిస్తే తుమ్ము. ఏడు తుమ్ములు, వరసగా. అంతలో మీ మామయ్య ఆ పువ్వు కోసి అమ్మ ఫొటో దగ్గర పెట్టాడు. పిల్లలిద్దరికీ ఇవాళ్టికీ చెప్పలేదు.

ముడి నువ్వే వెయ్యి. నా వేళ్లు పట్టు తప్పాయి. గట్టిగా.