వీపు మీది ఎర్ర అతుకు

ట్యునీషియాలో స్ఫాక్స్ ఊరి దగ్గరి ఆలివ్ తోటలో పండిన కాయలు వాటంతటవే రాలుతున్నాయి. కోతకు పరచిన వలల పక్కన అక్కా తమ్ముడూ ఇద్దరే మిగిలారు.

“కొండ మీంచి కోతకొచ్చే మబ్రూకా వాళ్లను దొంగలని తరిమేశావట! మేక కొమ్ములు వేళ్లకు తొడుక్కుని, నాన్న కాలం నుంచి కొమ్మల నుంచి మన కాయ దువ్వి రాల్చే చేతులురా అవి!”

“ఊరికే అన్నానా అక్కా? కొండవాళ్లు తోటలు దోచేస్తున్నారని ఫోన్లో రోజూ చూస్తున్నాను.”

“నా ఫోన్లో ఒక్కటీ రాదేం?”

“నువ్వు చూసేవి వంటలేగా.”

“నేననేదీ అదే! అలాంటి వీడియో ఒకటి పళ్లు నూరుతూ చివరిదాకా చూశావు. నీకు ఆ కోపమే రుచి అని ఫోను పసిగట్టింది. ఇక రోజూ అదే వడ్డిస్తోంది.”

“మరి ఈ ముసుగు దొంగ? తెల్లవారకముందే బస్తా మోసుకుపోతున్నాడు. అందరూ తిట్టారు, నేనూ తిట్టాను.”

“ఏదీ, ఇలా ఇవ్వు... ఓరి మూర్ఖుడా! ఇది పోయినేడు కోతలో, చలికి తలలకు గుడ్డ చుట్టుకున్నప్పుడు నేను తీసి నెట్‌లో పెట్టిన వీడియో. ఎవడో ఎత్తుకెళ్లి దొంగ అని పేరు తగిలించాడు. ఈ అంగీ వీపు మీద ఎర్ర అతుకు కుట్టిందెవరు?”

“...నువ్వే.”

“తొడుక్కున్నదెవరు?”

“నేనే అక్కా.”

“ఆ అంగీయే వేసుకుని పద. మబ్రూకా చేతిలో ఈ వీడియో పెట్టి, ఆవిడ గుమ్మం ముందు వెనక్కి తిరిగి నిలబడు. దొంగ ఎవరో ఆవిణ్ణి కూడా చూడనీ.”