కంబళి కింద బేరం

క్రీస్తుశకం 1926 మార్చి ఆరవ తేదీ, శనివారం. హుకుంపేటలో సంత రోజు, పొద్దెక్కిన వేళ. రాజులమ్మ కొట్టు వెనుక గదిలో ఉన్నవారు: మన్యపు పసుపునూ పిప్పళ్ళనూ తన చేతిమీదుగా మైదానానికి దించుతూ ముసలిదై, ఇప్పుడు జబ్బుమంచం మీదున్న వర్తకురాలు రాజులమ్మ, ఆమె మనవరాలు రత్నాలు, పెదబయలు వైపు పసుపు రైతుల తరఫున వచ్చిన ఊరిపెద్ద బుధు. సరుకు కొనడానికి విజయనగరం నుంచి సన్యాసిరావు వచ్చి బండి దిగుతున్నాడని అప్పుడే కబురందింది. ఈ బేరాల్లో ధరను నోటితో చెప్పరు. చేతులమీద గుడ్డ కప్పుకొని, వేళ్ళు పట్టి నొక్కి తెలుపుకుంటారు.

“గాజులు తియ్యను మామ్మా. ఇంకేటైనా సెప్పు, సేత్తాను. గాజులు మాత్రం తియ్యను.”

“ఓసి గుంటా, మొగుడు పోయినదాన్ని, నా సేతికి గాజులెక్కడివే? ఆడు గాజులు తడిమినాడంటే బేరం అక్కడే కూలబడతాది. బేగి తియ్యి.”

“మోచేతి మీదకి తోసి గుడ్డ సుడతాను. కదలవు. బుధన్నా, ఈ ముడి బిగించు.”

“బిగించినాను గుంటమ్మా. అయితే సావుకారమ్మా, నాకొకటి అరదం కానేదు. బేరం నీది. ఈ గుంట సెయ్యెందుకు?”

“నా కుడిసెయ్యి నాకంటే ముందే పోనాది బుధూ. మొన్న అమాస నుంచీ గిల్లినా తెలీదు, కాల్చినా తెలీదు. వేళ్ళు నేకుండా బేరమెలా ఆడతాను?”

“ఎడం సెయ్యి ఉన్నాది గదా?”

“ఎడం సేత్తోటి బేరమా! సన్యాసిరావు ఇటునుంచి ఇటే బండెక్కి యిజీనారం ఎలిపోతాడు.”

“పోనీ మామ్మా, నేనే ఎదురుగా కూకుని ఆడతాను. వేళ్ళ లెక్క నాకు రాదేటి? జోలపాట పాడమంటే వేళ్ళు నొక్కి నిద్దరపుచ్చేదానివి.”

“నీకొచ్చని నాకు తెలుసు. ఆడికి తెలవదు గదా. నిన్నగాక మొన్న ఓణీ ఏసిన గుంటతోటి బేరమంటే పకపకా నవ్వుతాడు. నవ్వినోడు ధర ఇయ్యడు.”

“వైద్దుడు నిన్ను మాటాడొద్దన్నాడు, సావుకారమ్మా.”

“వైద్దుడికేటి, ఆడి సరుకు ఎండదు, తడవదు. ఇద్దరూ ఇలా రండి, సెప్పేది ఇనండి. నేను ఈ పొద్దు దాటను.”

“మామ్మా! అలాటి మాటలు…”

“ఏడుపు తరవాత. నేను ముందు పోతే ఇంటికి మైల. మైలంటే కొట్టు మూత, తక్కెడ ముట్టకూడదు. సన్యాసిరావు ఆచారం మడిసి, మైలకొంప సరుకు కొనడు. ఎదురు కొట్టుకి పోతాడు. ఎదురు కొట్టోడు బుధు ఊరోళ్ళ పసుపుకి ఉప్పుగల్లు సేతిలో ఎట్టి పొమ్మంటాడు. మంచి ధర తెత్తానని మాటిచ్చి దింపించుకున్న పసుపు అది. బేరం ముందయ్యి, కాగితం పెట్టెలో పడితే, ఆ తరవాత నేనేటైతేనేటి, సరుకు అమ్ముడైన సరుకే. ముందు కాగితం, తరవాత సావు. తెలిసినాదా?”

“నువ్వు సావవు మామ్మా. సంతకోసారి సావంటావు.”

“కిందటేడు జొరానికీ ఇలాగే అన్నావు సావుకారమ్మా. దింపించిన బస్తాలు మళ్ళీ కొండెక్కించమన్నావు, మళ్ళీ దింపమన్నావు.”

“అప్పుడు ధర దిగినాది, నేను మంచం మీంచి నేసినాను. ఇప్పుడు మాట తప్పించకు. గుంటా, నా పక్కన కంబళి కింద ముడుసుకో. ఇంకా లోపలికి. కాళ్ళు కనపడతన్నాయి. సెయ్యి మాత్రం ఇలా నా కుడిపక్క నుంచి రావాల. గురుతులు సెప్పు.”

“నువ్వు దగ్గితే పెంచాల.”

“ఆగమనడానికి?”

“సిమ్మాద్రప్పన్నా అంటావు.”

“అంతే. నేను దగ్గితే పెంచు, అప్పన్నని తలిస్తే ఆగు. ఇంకోటి. సంతకం దాకా వత్తే కాగితం మీద నా పేరు రాయకు. నీ పేరే రాయి.”

“నా పేరు సూత్తే పోల్చెయ్యడా?”

“కలం ముట్టేక ఎనక్కి పోలేడు. అడక్కు, రాయి. బుధూ, తలుపు తియ్యి. మొకం మామూలుగా ఎట్టు.”

“నా మొకం ఇలాగే ఉంటాది సావుకారమ్మా.”

“లోపలికి రావచ్చునా, రాజులమ్మగారూ?”

“రా బాబూ సన్యాసిరావూ. మా గుమ్మం పొట్టిది, నీ గీర కాస్త వంచుకుని రా.”

“ఏటా ఇదే మాట అంటారు, ఏటా నా నెత్తి తగులుతూనే ఉంటుంది. ఘాటీ దారి పొడవునా మీ ఒంట్లో బాగాలేదనే చెప్పారు. గొంతు మాత్రం గంట కొట్టినట్టుంది.”

“గొంతుకి జొరం రానేదు. కూకో. సెయ్యి కంబళి కిందకి ఎట్టు.”

“అంత తొందరేమిటండీ? ముందు క్షేమసమాచారాలు…”

“గొంతు బాగున్నాది, పసుపు బాగున్నాది, బుధు బాగున్నాడు. నీ భార్యా పిల్లలూ బాగున్నారు, నేకపోతే నువ్వు ఇంత లావయ్యీవోడివి కాదు. సెయ్యి.”

“ఇదిగో, పెట్టాను. మనవరాలు కనిపించదేం?”

“సంతకెళ్ళినాది, రిబ్బన్లకి.”

“మీ పక్కన ఆ ఎత్తుగా ఉన్నది?”

“దిండు.”

“చాలా పెద్ద దిండు!”

“మడిసి సిన్నదవుతుంటే దిండు పెద్దదవ్వాల బాబూ. బేరం కానీ.”

“మీ చెయ్యి చాలా నున్నగా అయిందండీ.”

“మా గుంట ఆముదం రాత్తన్నాది.”

“వెచ్చగా ఉంది.”

“జొరం మరి.”

“వణుకుతోంది.”

“నీ ధర ఇని.”

“బాగుంది! సరే, ఈ వేలు వదిలి ఇది పట్టాను. ఇప్పుడేమంటారు?”

“ఖహ్.”

“అలాగా. అయితే ఇది.”

“ఖహ్.”

“అబ్బ, వేళ్ళు విరిచేస్తున్నారు. ముసలావిడకు ఇంత బలమెక్కడిది?”

“గంజి తాగుతున్నాను.”

“హచ్!”

“రాజులమ్మగారూ, మీ దిండు తుమ్మింది.”

“దిండెక్కడ తుమ్మినాది! బుధు తుమ్మినాడు.”

“నేనే బాబూ. పసుపు గాటు. నేను తుమ్మితే అక్కడినుంచి ఇనపడతాది.”

“అక్కడినుంచా?”

“సిన్నప్పటినుంచీ అంతే బాబూ.”

“…సరే. ఇదిగో, ఇక్కడ నిలబడతాను. ఇంతకుమించి… ఏమిటా చప్పుడు? గాజులు కదూ?”

“నావి బాబూ.”

“నీవా, బుధూ?”

“మా ఇంటిదానికి. సంతలో కొన్నాను. సంచిలో ఉన్నాయి.”

“నీ సంచి ఆ మూల ఉంది. చప్పుడు ఈ మూలనుంచి వచ్చింది.”

“తుమ్ములాగే బాబూ.”

“సన్యాసిరావూ, నువ్వు నాతోటి బేరానికొచ్చినావా, బుధు కాపరం ఇసారించడానికొచ్చినావా? ఖహ్… బుధూ, ఎవరా పొగ బెట్టినోరు? ఖహ్ ఖహ్…”

“పెరట్లో పసుపు ఉడకేత్తన్నారు సావుకారమ్మా. గాలి ఇటు తిరిగినాది.”

“తలుపు ముయ్… ఖహ్ ఖహ్ ఖహ్…”

“రాజులమ్మగారూ! ఏమిటిది? ఒక్కసారే ఇంతా?”

“కాదు… ఖహ్… అది కాదు… ఖహ్ ఖహ్…”

“కాదంటూనే పెంచుతున్నారే! వేళ్ళన్నీ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చారు! ఇది పసుపా, బంగారమా?”

“ఖహ్… ఓసి… ఖహ్ ఖహ్ ఖహ్…”

“మణికట్టు పట్టుకున్నారు! మణికట్టుకు లెక్కేమిటండీ? మా నాన్న నాకు మణికట్టు నేర్పలేదు!”

“సిమ్మాద్రప్పన్నా! సిమ్మాద్రప్పన్నా!”

“హమ్మయ్య! వదిలారు. నా వేళ్ళు నాకు దక్కాయి.”

“బుధూ, తలుపేసినావా? నీళ్ళియ్యి… హమ్మా. సన్యాసిరావూ, ముసలిదాన్ని, కాస్త మీదకి పోనాను. నువ్వు కాస్త పైకి రా, నేను కాస్త కిందకి దిగుతాను.”

“కాస్తా? మీరు ఆకాశంనుంచి దిగాలి. ఇదిగో, ఈ రెండు వేళ్ళూ, ఈ కణుపూ. ఇదే నా ఆఖరి మాట.”

“సిమ్మాద్రప్పన్నా.”

“అది సరేనన్నట్టేనా?”

“దేముడి పేరెత్తేక కాదంటానేటి? పసుపు నీదే. బుధూ, సాలునా మీవోళ్ళకి?”

“ఏటి ధరో నాకు తెలీదు సావుకారమ్మా, కంబళి కింద గదా. నీ మొకం సూత్తే సాలనిపిత్తన్నాది. ఎలిపోయి కేకేసి సెప్పనా?”

“పిప్పళ్ళు కానియ్యి. రెండూ కలిపి ఒక్క కేకే సాలు. సన్యాసిరావూ, నేను కాస్త కళ్ళు మూసుకుంటాను. నువ్వు ఆడుతుండు. సెయ్యి మెలకువగానే ఉంటాది.”

“అలాగే కానివ్వండి. ఇంకాస్త కప్పుకోండి, బయట ఈదురుగాలి వీస్తోంది. పిప్పళ్ళంటారా, ఈ ఏడు అడిగే నాథుడు లేడు. పాత సరుకే నా గిడ్డంగిలో పడి ఉంది. మీ మొహం చూసి కొనాలి తప్ప… ఇదిగో, ఈ వేలు.”

“…”

“తక్కువంటారా? సరే, ఇది.”

“…”

“ఏమీ అనరేం? బుధూ, ఆవిడ ఏమీ అనరేం?”

“సెయ్యి ఏటంతన్నాది బాబూ?”

“చెయ్యి కుదరదంటోంది.”

“అయితే కుదరదు బాబూ.”

“రాజులమ్మగారూ, దగ్గండి. పోనీ తిట్టండి. మీరు ఒక మాటంటే నేను రెండు మాటలతో సమాధానపడతాను. ఇలా కళ్ళు మూసుకొని కూర్చుంటే నేనెవరితో వాదించను? ఇదిగో, మరో కణుపు.”

“…”

“అదీ కాదా! ఏటేటా మీ నోరు చూసి భయపడేవాణ్ణి. ఆ నోరే నయం. ఈ మౌనం ఎక్కడ నేర్చారండీ? బుధూ, నవ్వకు.”

“నేను నవ్వనేదు బాబూ. నా మొకం ఇలాగే ఉంటాది.”

“సరే, ఇది. ఇది కూడా కాదంటే లేచిపోతాను. లేస్తున్నాను. చూడండి, నిజంగానే లేస్తున్నాను… చెయ్యి వదలరే! వదలండి, కాలు తిమ్మిరెక్కింది. సరే, ఒప్పుకున్నాను, ఒప్పుకున్నాను! బుధూ, విజయనగరంలో మా ఆవిడ కనబడితే ఈ ధర చెప్పకు.”

“నాకు తెలిత్తే గదా బాబూ.”

“నిజమే. ఇప్పుడు కాగితం. రాసే తెచ్చాను, ధరల జాగాలు నింపుతున్నాను. ఇదిగో నా సంతకం. రాజులమ్మగారూ, ఇక మీది. చెయ్యి బయటికి రాదా? కాగితమే కంబళి కిందికి రావాలా? కలం కూడానా? కానివ్వండి. నేను గుమ్మంకేసి చూస్తూ కూర్చుంటాను. సంత బాగా సాగుతోంది సుమా… అయిందా? ఏదీ… ఊఁ. బుధూ, ఇక్కడ రత్నాలు అని ఉంది.”

“నాకు సదువు రాదు బాబూ.”

“దిండుకు వచ్చు. బయటికి రా తల్లీ, ఊపిరాడక పోతావు.”

“…ఎప్పుడు తెలిసినాది బాబూ?”

“చెయ్యి పట్టుకోగానే. రాజులమ్మగారి చూపుడువేలు పక్కకు వంగి ఉంటుంది. దాన్ని పట్టుకొనే నేను వ్యాపారంలోకి వచ్చాను.”

“మరి తెలీనట్టు ఉండిపోనారేటి?”

“గుడ్డ కింద సంగతి గుడ్డ పైన మాట్లాడకూడదు. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది. పైగా చాలా రోజులైంది ఇంత తమాషాగా మోసపోయి.”

“కోపం రానేదా?”

“మణికట్టు దగ్గర వచ్చింది. పిప్పళ్ళ దగ్గర పోయింది. పసుపు బేరంలో దగ్గు వినిపించినప్పుడల్లా నీ వేళ్ళు కదిలాయి. ఆ సంగతి గ్రహించాను. పిప్పళ్ళకు దగ్గు లేదే? అప్పుడేం సైగ చేసింది మీ మామ్మ?”

“ఏటీ సెయ్యనేదు. అప్పన్నని తలిస్తే ఆగమంది. తలవనేదు గదా అని పెంచుకుంటూ పోనాను.”

“మరి ఎక్కడ ఆగాలో నీకెవరు చెప్పారు?”

“మీ అరసెయ్యి సెమట పట్టినాది. అక్కడ ఆగినాను.”

“భేష్! విన్నారా రాజులమ్మగారూ? చెమట చూసి ఆగిందట!”

“మామ్మా, ఇన్నావా? బాబుకి కోపం రానేదు. పిప్పళ్ళు నేనే అమ్మినాను, నేనొక్కదాన్నే. మామ్మా, మరి నన్ను ఆగమననేదేటి నువ్వు? అంత మీదకి పోతుంటే ఊరుకున్నావేటి? …మామ్మా? బుధన్నా, మామ్మ సెయ్యి సూడు. అది కాదు, ఎడం సెయ్యి.”

“రెండు సేతులూ ఒక్కలాగే ఉన్నాయి గుంటమ్మా.”

“మామ్మా!”

“కంబళి తియ్యకు, తల్లీ. గట్టిగా అరవకు, బయట సంత. ఏడుద్దువుగాని, నేనూ ఏడుస్తాను. ముందు ఈ కాగితం అందుకో. మడిచి పెట్టు. ఇంకో మడత. పెట్టె ఎక్కడ ఉంటుంది?”

“మంచం కింద.”

“లోపల పెట్టు. మూత వెయ్యి… వేశావా?”

“ఏసినాను. ముందు కాగితం అన్నాది బాబూ. ముందు కాగితం, తరవాత…”

“తెలుసు. ఆవిడ లెక్క తప్పదు. ఇప్పుడు నేనొక మాట అడుగుతాను, ఇద్దరూ నిదానంగా ఆలోచించి చెప్పండి. నేను ఆచారం ఉన్నవాణ్ణి, మైల ఇంటి సరుకు కొనలేను. కొనకుండా ఖాళీ బళ్ళతో ఘాటీ దిగనూలేను. ఆ పెట్టె మూత పడ్డాక రాజులమ్మగారు దగ్గినట్టు నాకు వినిపించింది. బుధూ, నీకు?”

“ఇన్నాను బాబూ. సానా గట్టిగా దగ్గినాది. కొండవతలోళ్ళు కూడా ఇని ఉంటారు.”

“నువ్వో, రత్నాలమ్మా?”

“…ఇన్నాను బాబూ. ఇంకొంచెం పెంచమంతన్నాది.”