మబ్బు అంటిన అరచేతులు

ఆ రోజు బుధవారం, సాయంత్రం ఐదూ ఇరవై. పెద్దవాళ్ల ఆరోగ్య తరగతి నుంచి కండక్టరు పెద్దనాన్న ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, వరండాలో తన మామూలు కుర్చీలో కూర్చునేసరికి పెద్దమ్మ లోపల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నారంటే ఇవాళ కోతలు గట్టిగానే ఉంటాయని ఆవిడకి తెలుసు. వినబడేలా తలుపు కాస్త ఓరగా తీసి పెట్టుకుంది.

ముప్పై రెండేళ్లు బస్సులో కండక్టరుగా చేసి దిగిన మనిషి ఆయన. కదిలే బస్సులో ఏ రాడ్డూ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టానన్నదే ఆయన గొప్ప. అలాంటి మనిషి పోయిన నెల మేడ మెట్ల మీద జారారు. ఆ మెట్లకి పట్టుకోవడానికి ఏ ఆసరా లేదు. ఆయన మంచం మాత్రం మేడ మీది గదిలోనే. ఆ కిటికీలోంచి వీధి మలుపు తిరిగే మొదటి బస్సుని చూస్తే గానీ ఆయనకి తెల్లవారినట్టుండదు. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ ఆ గది మొహం చూసి మూడేళ్లయింది.

కూతురు ఒక ఒప్పందం పెట్టింది. తరగతిలో ఏదీ పట్టుకోకుండా, నర్సమ్మ పది అంకెలు లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడితే గది నాన్నదే. లేకపోతే గురువారం పొద్దున్నే మంచం కిందికి. ఆ పరీక్ష ఇవాళే అయింది.

"ఏమైంది నాన్నా?" అంది కూతురు గుమ్మంలోకి వచ్చి.

"ఏమవుతుంది? నిలబడ్డాను."

పక్కింటి టైలరు మెడలో టేపుతోనే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "పదీ అయ్యాయా అన్నయ్యా?"

"పదేమిటయ్యా. నర్సమ్మ పది అంది, వంద అంది, అయిదొందలంది. నేను కదిలితేనా. చివరికి ఆవిడ దగ్గర అంకెలే అయిపోయాయి. 'ఇంక నా వల్ల కాదండీ, మీరే లెక్కపెట్టుకోండి' అని కుర్చీ లాక్కుని కూర్చుంది."

"అంకెలు అయిపోవడమేమిటి నాన్నా?"

"నువ్వు అక్కడున్నావా? లేవు కదా. విను మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలా ఒంటికాలి మీద ఉండగా ఉండగా, కాలికింద నేల సన్నగా అదిరింది. అది ఇంజను అదురని అరికాలికి తెలిసిపోయింది. ముప్పై రెండేళ్ల అరికాలు అబద్ధమాడుతుందా? కళ్లు తెరిచి చూద్దును కదా, రెండు వరసల కుర్చీలు, మధ్యన నడవ, ఇటూ అటూ కిటికీలు. హాలంతా బస్సయి కూర్చుంది. అలవాటు చొప్పున 'రైట్' అన్నాను. అంతే, లేచింది."

"పైకా?" అన్నాడు టైలరు.

"పైకి కాక? అంత హాలు మన వీధిలో పడుతుందా?"

పెద్దమ్మ పళ్లెం పట్టుకుని బయటికొచ్చి గుమ్మం పక్కన పీట వాల్చుకుంది. ఎండ మేడ అంచు దాకా పాకిపోయింది. ఆయన గొంతు తగ్గి, తనలో తను చెప్పుకుంటున్నట్టుగా అయింది.

"కింద నీళ్ల ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. బీపీ చూసే పట్టీ కిటికీలోంచి జెండాలా ఎగురుతోంది. గుండె ఆపరేషనైన ప్లంబరు, చెవులు వినబడని లాయరుగారు, అందరూ చిన్నపిల్లల్లా కిటికీలకి మొహాలు ఆనించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాయరుగారికి చెవులు వినబడ్డాయి."

"ఏం వినబడిందట అన్నయ్యా?"

"వాళ్లమ్మ అన్నానికి పిలవడం."

టైలరు నవ్వబోయి మానేశాడు.

"అప్పుడొచ్చారు ఒక్కొక్కరూ నా దగ్గరికి. 'కండక్టరుగారూ, మా చిన్నప్పటి వీధికి ఒకటివ్వండి' అని. కొట్టాను, అందరికీ కొట్టాను. ప్లంబరుకి ఏడో ఏటి స్టేజి వచ్చింది. దిగాడు, నిక్కరు పైకి లాక్కున్నాడు, వెనక్కి చూడకుండా పరుగు."

"ఇందాకే నా కొట్టు ముందు నుంచి వెళ్లాడే. అరవై ఎనిమిదేళ్లవాడిలాగే ఉన్నాడు."

"రానూపోనూ టిక్కెట్టయ్యా అది. రాకుండా ఎలా ఉంటాడు?"

"మీరెక్కడ దిగారండీ?" అంది పెద్దమ్మ, చిక్కుళ్ల మీంచి చూపు తిప్పకుండా.

ఆయన కొంచెం తడుముకున్నారు. "కండక్టరు దిగకూడదు. కానీ ఒకచోట ఆపించాను. మన మేడ కిటికీ దగ్గర. లోపల లైటుంది. నువ్వు మంచం మీద మఠం వేసుకుని కూర్చుని జడ అల్లుకుంటున్నావు. బస్సాగిందని కూడా చూసుకోలేదు."

పెద్దమ్మ చేతిలో కాయ సగం ఈనెతో ఆగిపోయింది.

"ఇంతసేపూ ఒంటికాలి మీదేనా అన్నయ్యా?"

"ఒంటికాలి మీదే. గడ్డిపోచ కూడా పట్టుకోలేదు. సాక్ష్యం కావాలా? దారిలో మబ్బులు అడ్డొస్తే ఈ రెండు చేతులతోనే పక్కకి తోశాను. ఇదిగో, ఇంకా వదల్లేదు." రెండు అరచేతులూ చాపారు. నిజంగానే తెల్లగా ఉన్నాయి.

పెద్దమ్మ పళ్లెం పక్కన పెట్టింది. ఆయన కుడి చెయ్యి దగ్గరికి తీసుకుని వాసన చూసింది.

"మబ్బు గులాబీ వాసనేస్తోందండీ."

"అంత పైకి వెళ్తే అలాగే ఉంటాయి."

"సోమవారం ఆడవాళ్ల తరగతిలో నాకూ అంటింది ఈ మబ్బు. నర్సమ్మ కుర్చీల వీపులకి పౌడరు రాసి ఉంచుతుంది. పట్టుకున్నారా అని అడిగితే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారని."

టైలరు మెడలో టేపుని అటోసారి ఇటోసారి సర్దుకున్నాడు. ఆయన చేతులు రెండూ మెల్లిగా ఒళ్లోకి వెళ్లిపోయాయి.

"ఎన్ని అంకెలు నాన్నా?" అంది కూతురు. ఆమె గొంతులో గెలిచిన జాడ లేదు.

"మూడు." ఒళ్లోని చేతుల వైపు చూసుకుని, "రెండున్నర."

"అయితే పొద్దున్నే మంచం..."

"ఉండమ్మా," అంది పెద్దమ్మ. ఆయన వైపు తిరిగింది. "ఏవండీ, బస్సు కదిలేటప్పుడు ఎక్కినవాళ్లకి ఏమని చెప్పేవారు?"

"రాడ్డు పట్టుకోండమ్మా, పడిపోతారు అని."

"పట్టుకున్నవాళ్లని ఎప్పుడైనా దింపేశారా?"

"పట్టుకుంటే ఎందుకు దింపుతాను?"

పెద్దమ్మ పళ్లెం ఒళ్లోకి తీసుకుని, ఆగిపోయిన కాయకి మిగతా ఈనె లాగింది. కూతురు చాలాసేపు మేడ మెట్ల వైపు చూస్తూ నిలబడింది.

"మా బావమరిది చేసేది వెల్డింగు పనే," అన్నాడు టైలరు.

గురువారం పొద్దున మంచం కిందికి దిగలేదు. ఏడున్నరకే వెల్డింగతను వచ్చాడు. ఎంత ఎత్తులో బిగించాలని అడిగితే, ఆయన గాల్లోకి చెయ్యి చాపి పిడికిలి బిగించి, ఇక్కడ అన్నారు. టైలరు టేపు పెట్టి కొలిచాడు. పది గంటలకల్లా కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా పొడుగాటి రాడ్డు అమరింది.

పెద్దమ్మ దేవుడి గదిలో దణ్ణం పెట్టుకుని వచ్చి, కొంగు బొడ్లో దోపుకుంది. రాడ్డు చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కూతురు ముందు నిలబడింది. ఆయన వెనక నిలబడి, కాసేపు చేతులు కట్టుకున్నారు. తర్వాత కట్టు విప్పి, తనూ రాడ్డు పట్టుకుని, మెల్లిగా "రైట్" అన్నారు.