పులి పలకరింపు

సాయంత్రం. అడవి అంచున, పులి మెడపట్టీ నుంచి వచ్చే సిగ్నల్ వినే గది. రేడియో ముందు కూర్చున్నది పులుల డాక్టరమ్మ. తలుపు దగ్గర, కూర్చోమన్నా కూర్చోకుండా గొళ్లెం పట్టుకుని నిలబడ్డవాడు పులులకు మాంసం వేసే కాపరి. ఆ గదిలోంచి ఎంత తొందరగా బయటపడితే అంత బాగుండునని ఉంది అతనికి.

"నేనడిగింది అది కాదన్నా. ఆ శబ్దం ఎలా ఉందన్నాడు ఇటుక బట్టీ వాచ్‌మన్?"

"ఏముందండీ. పులి శబ్దం పులి శబ్దంలాగే ఉంటుంది."

"గాండ్రించిందా?"

"లేదటండీ."

"గుర్రుమందా?"

"అదీ కాదట. వాడి మాటలకేం లెండి, సగం భయం, సగం మందు."

"అన్నా."

"ముక్కుతో అందట. ఫుర్ర్ ఫుర్ర్ మని, గుర్రం చీదినట్టు. అంతే. ఇక నేను వెళ్లనా?"

"కూర్చో."

"నించునే ఉంటాలెండి. కాళ్లకి అలవాటే."

"బట్టీలో ఉండే ఆ ముసలావిడ వెనకాల నడుస్తూ అందా, ఆగి అందా?"

"నడుస్తూనేనట. ఆవిడ బిందె చంకన పెట్టుకుని, తన పాటికి తను ఏదో గొణుక్కుంటూ పోతోంది. ఇది వెనకాలే. ఆవిడ గుడిసెలోకి వెళ్లి తలుపేసుకునేదాకా వెనకాలే నడిచింది. ఆవిడకి తెలియనే తెలియదు. వాచ్‌మన్ వచ్చి చెప్పాక అప్పుడు పడిపోయింది."

"ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదండీ."

"అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు."

"ముట్టుకోకపోతే మంచిదే కదా డాక్టరమ్మా?"

"మనిషిని చూస్తే పులి ఏం చేస్తుంది? తప్పుకుని పోతుంది. గాయమై ఉంటేనో, పిల్లలతో ఉంటేనో మీద పడుతుంది. వెనకాల ఫుర్ర్ ఫుర్ర్ మంటూ నడవడమేంటి? ఆ శబ్దం వేటని చూసి చెయ్యదు. శత్రువుని చూసి చెయ్యదు. పిల్ల తల్లిని చూసి చేస్తుంది, తల్లి పిల్లని చూసి చేస్తుంది. అది పలకరింపన్నా. వచ్చావా అన్నట్టు."

"ఓహో."

"ఓహో ఏంటి? ఎవర్ని పలకరిస్తోంది అది?"

"నాకేం తెలుసండీ. నేను మాంసం వేసేవాణ్ణి, మీరు చదువుకున్నవాళ్లు... అదిగో, మీ ఫోను మోగుతోంది."

"హలో. సార్. లేదు సార్, ఇంకా లేదు. మెడపట్టీలో ఉపగ్రహం ద్వారా చోటు చెప్పే భాగం పాడైందని చెప్పాను కదా సార్, రేడియో ఒక్కటే పనిచేస్తోంది. ఆ, బట్టీ వైపే. రోజూ ఈ వేళకి అటే వినపడుతోంది. బట్టీ వాళ్లు రోడ్డు మీద కూర్చున్నారా? ఎంతమంది? లేదు సార్, వాళ్లని తప్పు పట్టడం లేదు, నాకే పిల్లలుంటే నేనూ కూర్చుంటాను. చీకటి పడేలోపు చెబుతాను. చెప్పకపోతే మీ ఇష్టం సార్. సరే."

"ఏమన్నారండీ పెద్దసారు?"

"నా దగ్గర చెప్పడానికేమీ లేకపోతే తెల్లారేసరికి తుపాకీలు దిగుతాయి."

"కాల్చేస్తారా?"

"కాల్చేస్తారు."

"మత్తు సూదేసి పట్టుకోవచ్చు కదండీ?"

"ఎందుకొస్తోందో తెలిస్తే, ఎక్కడ కాపు కాయాలో తెలుస్తుంది. మనం పెంచి అడవిలో వదిలిన దగ్గర్నుంచీ ఇదే వరస. పగలంతా ఎక్కడో ఉంటుంది, పొద్దు వాలేసరికి ఇటు. నేను అడవంతా గాలించాను. దాని వేట ఒక్కటి దొరకలేదు. ఒక్క జింక బొమికె లేదు. అయినా పొట్ట నిండుగా ఉందంటాడు వాచ్‌మన్. గాలి తిని బతుకుతోందా?"

"బట్టీ కుక్కల్ని తింటోందంటున్నారు."

"కుక్కలన్నీ ఉన్నాయి. వెళ్లి చూసొచ్చాను. నన్ను తరిమాయి కూడా."

"ఏమోనండీ. ఎవరేమన్నా, అది మనిషి జోలికి పోదు. చిట్టి అలాంటిది కాదు."

"ఎవరు?"

"ఎవరేంటండీ?"

"చిట్టి ఎవరు?"

"అదే... ఆ పులి. ఏదో నోటికొచ్చిందిలెండి."

"మన దగ్గర పులులకి పేర్లు లేవు, నంబర్లే. పేరు పెడితే పిలుస్తాం, పిలిస్తే వస్తుందని కొత్తవాళ్లకి పాఠం చెప్పేది నువ్వే. అడవికి పోవాల్సిన పిల్లకి మనిషి మొహం కనపడకూడదు, మనిషి గొంతు వినపడకూడదు, గోడ మీంచి మాంసం పడాలే గాని వేసింది ఎవరో దానికి తెలియకూడదని చెబుతావు. నీ నోట్లోంచి పేరొచ్చిందంటే..."

"ఇప్పటికీ అదే చెబుతానండీ. ఆ గోడ దగ్గర నేను నోరు విప్పితే ఒట్టు. తుమ్మొస్తే ముక్కు మూసుకునేవాణ్ణి."

"నువ్వు విప్పలేదు."

"విప్పలేదు."

"మరెవరు విప్పారు?"

"పొద్దు పోతోంది డాక్టరమ్మా. ఇంట్లో మా ఆవిడ కూడా లేదు, నేను..."

"నీళ్లు నమలకన్నా."

"చెబితే నా ఉద్యోగం పోతుందండీ. ఉద్యోగం పోతే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఈ వయసులో ఎక్కడికి పోను?"

"చెప్పకపోతే దాని ప్రాణం పోతుంది. నీ చేత్తో పెంచినదాన్ని రేపు నీ చేతే మోయిస్తారు. ఆలోచించుకో. ఎవరన్నా?"

"మా అత్తయ్యండీ."

"ఎవరూ?"

"మా ఆవిడ తల్లి. మీరు చూశారు ఒకసారి, గేటు దగ్గర. మిమ్మల్ని పట్టుకుని పెళ్లెప్పుడని అడిగింది."

"ఆవిడా! ఆవిణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారు?"

"నేనేనండీ. అప్పటికి మీరింకా రాలేదు. దాని తల్లి పొలం చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. శవం పక్కన ఇది కూర్చుని ఉంటే గంపలో పెట్టి పట్టుకొచ్చారు. పిల్లి అంత ఉంది. పాలసీసా నోట్లో పెడితే ఉమ్మేసేది. పాత డాక్టరు చేతులెత్తేశాడు, తెల్లారేసరికి పోతుందన్నాడు. మా అత్తయ్య తల్లిలేని మేకపిల్లల్నీ దూడల్నీ బతికించిన మనిషి. చూస్తూ ఊరుకోలేక చాటుగా తీసుకొచ్చాను. ఒళ్లో పడుకోబెట్టుకుని, వీపు నిమురుతూ, ఏదో ఒకటి వాగుతూ కూర్చుంది. తాగిందండీ. సీసా ఖాళీ చేసి, ఆవిడ మొహం చూసి ఫుర్ర్ మంది."

"అంటే ఆ శబ్దం నీకు తెలుసు. ఇందాక గుర్రం చీదినట్టు అన్నప్పుడే తెలుసు."

"తెలుసండీ."

"తర్వాత?"

"ఒక్క రోజే అనుకున్నా. మర్నాడు నేను పాలు పడితే తాగదు, ఆవిడే రావాలి. సరే, మాంసం తినేదాకా అనుకున్నా. మాంసం మొదలెట్టాక..."

"ఎన్నాళ్లు వచ్చింది?"

"పెద్దదయ్యాక లోపలికి రాలేదండీ. గోడవతలే నించునేది. ఒట్టు."

"ఎన్నాళ్లన్నా?"

"అడవిలో వదిలేదాకా."

"దేవుడా."

"నేను మాంసం వేసేలోపు గోడ దగ్గర నించుని మాట్లాడేది, అంతే. ఎక్కడున్నా ఆ గొంతు వింటే వచ్చేసేది."

"ఏం మాట్లాడేది రోజూ?"

"ఇంకేముంటాయండీ, నా మీద చాడీలు. అల్లుడు ఆలస్యంగా వస్తాడు, అల్లుడికి ఒక్క పని చేతకాదు, బంగారంలాంటి పిల్లనిచ్చి గొంతు కోశాం. నా సంగతులు ఆ పులికి తెలిసినన్ని మా ఆవిడకి కూడా తెలియవు."

"నవ్వే సంగతి కాదన్నా ఇది."

"నేను నవ్వడం లేదండీ."

"దానికి మనిషి గొంతంటే తిండి. అందులోనూ ముసలి ఆడమనిషి గొంతు. బట్టీ ఆవిడ గొణుక్కుంటూ పోతుంటే మీ అత్తయ్యే అనుకుంది, పలకరించింది, ఇప్పుడు పెడుతుంది, ఇప్పుడు పెడుతుంది అనుకుంటూ గుడిసె దాకా నడిచింది."

"ప్రేమే కదండీ అది? చంపడానికి కాదు కదా?"

"ప్రేమే. కాదన్నానా? కన్నతల్లికీ ఉంటుంది ప్రేమ. అయినా ఇంత వయసొచ్చాక తల్లి పులి పిల్లని పక్కన ఉండనివ్వదు. తన వేట మీదకొస్తే కొట్టి పంపిస్తుంది. అప్పటికది పిల్ల కాదు కదా, తల్లంత పులి. తిండి దగ్గర దానికి అమ్మా లేదు, ఎవరూ లేరు. ఆ సంగతి తల్లికి తెలుసు. మనుషులకే తెలియదు."

"మా అత్తయ్యకైతే అసలే తెలియదండీ. దాన్ని పంపించేసిన రోజు అన్నం తినలేదు. చిట్టి తిందో లేదో, చిట్టికి వేట వచ్చో రాదోనని ఒకటే గొడవ. తర్వాత ఎందుకో తనే కుదుటపడింది."

"సరే. విను. ఒక రకంగా ఇది మంచి వార్త. ఎందుకొస్తోందో తెలిసింది. మీ అత్తయ్య గొంతు ఫోన్‌లో రికార్డు చేద్దాం. బోను లోపల పెట్టి వినిపిస్తే తన కాళ్లతో తనే నడిచొస్తుంది. ఇక్కణ్ణించి తీసుకెళ్లి, మనిషి గొంతు వినపడనంత దూరంలో వదులుదాం. కాల్చక్కర్లేదు. ఈ మాట పెద్దసారుకి ఇప్పుడే చెబుతాను."

"మరి నా సంగతి?"

"నీ సంగతి నేను చూసుకుంటాను. ఆవిడ బతికించింది కాబట్టే ఇవాళ ఈ పులి ఉంది. ఆ మాటా చెబుతాను."

"మీ కాళ్లు పట్టుకుంటానండీ."

"వద్దులే. ఆ రేడియో సౌండు కాస్త తగ్గించు, ఫోన్‌లో వినపడదు."

"తగ్గించే ఉందండీ."

"ఇంకా తగ్గించు."

"అంతా తగ్గించానండీ. ఇదే ఆఖరు."

"మరి బీప్ ఇంత గట్టిగా వినపడుతోందేంటి? బట్టీ అంత దూరంలో ఉంటే ఇలా వినపడకూడదు. ఏరియల్ ఎటు తిప్పి ఉంది?"

"రోజూ తిప్పినట్టే. బట్టీ వైపు."

"అన్నా, ఏరియల్ దిక్కు చెబుతుంది గాని దూరం చెప్పదు. బట్టీ వాళ్లు గోల పెట్టారు కాబట్టి పులి బట్టీ దగ్గరే ఉందనుకున్నాం. ఇలా కిటికీ దగ్గరికి రా. బట్టీ పొగగొట్టం కనపడుతోందా?"

"కనపడుతోందండీ."

"దానికి ఇటు పక్క ఏముంది?"

"వాగు."

"వాగుకి ఇటు?"

"వాగుకి ఇటు... మా క్వార్టర్సండీ."

"మీ వైపు ఈ మధ్య ఏమైనా తేడాగా కనిపించిందా? ఏదైనా?"

"ఏమీ లేదండీ. పక్కింటి కుక్క ఒకటి, పొద్దు వాలితే చాలు మంచం కింద దూరి మూలుగుతోంది. జబ్బేమోనని మీ దగ్గరికి తీసుకొద్దామనుకున్నాం."

"మీ అత్తయ్య ఎక్కడుంది?"

"ఇంట్లోనే. ఈ వేళకి పెరట్లో కూర్చుంటుంది."

"ఒక్కతేనా?"

"ఒక్కతేనండీ. మా ఆవిడ ఇంకా డ్యూటీలో ఉంది."

"పెరటికి గోడుందా?"

"ఉందండీ, నడుం దాకా."

"ఫోన్ చెయ్యి. ముందు స్పీకర్లో పెట్టు. ఆ తుపాకీ పెట్టె ఇలా ఇవ్వు, మత్తుదే, ఆ నల్లది."

"మోగుతోందండీ. తీయడం లేదు. ఆ, తీసింది. అత్తయ్యా!"

"అరవకు, చెవుడు లేదు నాకు. ఇవాళ కూడా ఆలస్యమేనా?"

"అత్తయ్యా, నా మాట విను. లోపలికెళ్లి తలుపేసుకో."

"ఎందుకూ? లోపల ఉడికి చస్తున్నా. ఇక్కడ హాయిగా గాలొస్తోంది."

"ఎందుకో తర్వాత చెబుతా. లే ముందు."

"నువ్వెప్పుడు ఏం సరిగ్గా చెప్పావు గనక. పనిలో ఉన్నా, పెట్టెయ్."

"పెట్టొద్దు! అమ్మా, నేను డాక్టర్ని. మీ దగ్గర ఆ చప్పుడేంటి? ఫుర్ర్ మని?"

"ఏ చప్పుడమ్మా? నాకేం వినపడలేదే. పెళ్లి కుదిరిందా?"

"అన్నా, బీప్ విను. ఇందాకటిదాకా మెల్లగా కొట్టింది, అంటే పడుకుని ఉంది. ఇప్పుడు వేగంగా కొడుతోంది."

"వేగంగా అంటే ఏంటండీ?"

"లేచింది."

"అత్తయ్యా, నా మీద ఒట్టు, నిజం చెప్పు. నీ దగ్గర ఎవరున్నారు?"

"తెలిసిపోయిందన్నమాట. పోన్లే, ఎన్నాళ్లని దాస్తాను. చిట్టేగా, వదిలేసిన కాణ్ణుంచీ రోజూ ఈ వేళకి వస్తూనే ఉంది. ఇవాళ మాంసం కొట్టు తీయలేదు అల్లుడూ, పెట్టడానికేమీ లేక ఊరికే కబుర్లు చెప్పి కూర్చోబెట్టాను."