కోడలికి ఈగ పెట్టిన గురవమ్మ

గురవమ్మ చెడ్డదేం కాదు, అది ముందే చెప్తన్నా. కొండ తేనె తీసే ఇంటిది. ఆళ్లింట్లో ఆనవాయితీ ఏందంటే, కొత్తగా వచ్చిన కోడలికి ఈగ పెట్టాల. అంటే తేనెటీగని పట్టి చేతిమీద కుట్టించాలన్నమాట. మొదటి నెల ఒకటి, రెండో నెల రెండు, అట్టా పెంచుకుంటా పోతే ఒళ్లు ఇసానికి అలవాటు పడిద్దంట. మొగుడు తాడుకి ఏలాడతా తేనెపట్టు కోసేటప్పుడు కింద పొగబెట్టేది పెళ్లామే గదా, ఈగలు ముసిరినాయని పారిపోతే పైనోడి గతేంది? గురవమ్మకీ ఆళ్లత్త అట్టానే పెట్టిందంట, ఈమెకేం కాలా.

కొడుకు బయన్నకి పెళ్లయి ఈదమ్మ కోడలిగా వచ్చింది. కూతుళ్లు లేని మనిషి గదా గురవమ్మ, ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకున్నంత పని చేసిందనుకో. సరే, ఒక ఈగని పెట్టింది. ఏమైందంటే, కుట్టింది చేతిమీదైతే పిల్లకి ఒళ్లంతా దద్దుర్లు లేచినయ్, కళ్లు వాచిపోయినయ్. "గొంతు పట్టేసినట్టుందత్తా" అనిందంట. మొదట్లో అంతేలేమ్మా, ఒళ్లు నేర్చుకుంటంది, ఈసారి ఇంత ఉండదులే అని గురవమ్మ పసుపు రాసింది. రెండు రోజులకి తగ్గింది. తగ్గిందా, ఇంక గురవమ్మ మురిసిపోయింది.

రెండో నెల వచ్చింది. "వద్దత్తా, నాకు భయంగా ఉంది" అనింది పిల్ల. భయపడితే కొండకింద ఎట్టా నిలబడతావే తల్లీ, నేను లేనా అని గురవమ్మే చెయ్యి పట్టుకుందంట. ఒక ఈగని పెట్టింది. రెండోది ఇంకా ఈమె వేళ్లమధ్యే ఉంది, అప్పటికే పిల్ల పెదాలు వాచినయ్, ఊపిరాడక గుడ్లు తేలేసింది. "బయన్నా, ఒరే బయన్నా" అని అరిచింది గురవమ్మ. వాడు పరిగెత్తుకొచ్చి భుజానేసుకున్నాడు, ఏం లాభం? పొయ్యిమీద ఎసరు కాగేలోపల పిల్ల పోయింది. పోయిందయ్యా.

దినాలైపోయినాక గురవమ్మ ఒక్కతే కొండకిందికి పోయి, పెద్ద పట్టు చూసి రాయిసిరిందంట. ఈగలన్నీ మీదపడినయ్. మొహం, మెడ, చేతులు, చోటు లేకుండా కుట్టినయ్. కదల్లా. పొద్దు వాలిందాకా అట్టానే కూర్చుంది చావు కోసం. ఏం కాలా! కాస్త వాపు, కాస్త మంట. ముప్పై ఏళ్లు కుట్టించుకున్న ఒళ్లు గదా. తనే లేచి నడుచుకుంటా ఇంటికొచ్చి, కొడుక్కి కూడొండిందంట.

అప్పట్నించి ఆళ్లు కోడళ్లకి ఈగ పెట్టడం మానేశారు. గురవమ్మ మాత్రం చానా ఏళ్లు బతికింది, పాపం. ఏందమ్మా, అందరూ దాన్నే తిడతన్నారు? మీ ఇళ్లలో పిల్లలు వద్దంటే మీరు ఇంటన్నారా?