తాళం వేసిన ఇళ్ళను లెక్కపెట్టిన శోభనాద్రి గారు

1969వ సంవత్సరం జూలై పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం, గుడివాడ సమితి కార్యాలయంలో గుమాస్తాగా విధుల్లో చేరిన శ్రీ శోభనాద్రి గారు, తమ చేరిక పత్రాన్ని అధికారి చేతిలో పెట్టిన మరుక్షణమే దానికి రసీదు కోరారని ఆనాటి సహోద్యోగులు చెబుతారు. అప్పటి నుండి ఈ ఆగస్టు ముప్పై ఒకటి వరకు, అనగా ముప్పై ఆరు సంవత్సరాల ఒక నెల పద్దెనిమిది రోజుల పాటు, రసీదు లేనిదే ఏ కాగితాన్నీ ఇవ్వని, రెండుసార్లు చదవనిదే ఏ కాగితాన్నీ పుచ్చుకోని ఆ పెద్దమనిషి గురించి ఈ పదవీ విరమణ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాసే బాధ్యత నాకు దక్కింది. నా చేతనే రాయించాలని వారే స్వయంగా కోరారు. ఎందుకు కోరారా అని వారం రోజులుగా నాకు అనుమానంగానే ఉంది.

అనుమానం అన్నందుకు వారి కుటుంబ సభ్యులు నొచ్చుకోవద్దని మనవి. మన కార్యాలయంలో ఆ గుణం శోభనాద్రి గారి ఒక్కరి సొత్తు కాదు, నాకూ దండిగానే ఉంది. కాకపోతే వారి అనుమానమంతా కాగితాల మీద, నాది మనుషుల మీద.

వారి అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులన్నింటినీ మూటలు కట్టి, లారీలకెక్కించి, కొత్త కార్యాలయాలకు పంచిపెట్టారు. ఆ పంపకంలో ఒక గ్రామపు ఇళ్ళ రిజిస్టరు కనబడకుండా పోయింది. ఈ కార్యాలయం ఆ కార్యాలయాన్నీ, ఆ కార్యాలయం ఈ కార్యాలయాన్నీ చూపించగా, ఆ ఊరివారు మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగారు. అప్పటికి పెదపారుపూడి బదిలీ అయిన శోభనాద్రి గారు, తమకు సంబంధం లేకపోయినా, సెలవు రోజుల్లో ఆ ఊరు వెళ్ళి గడప గడపకూ తిరిగి ఆ రిజిస్టరును మళ్ళీ తమ చేత్తో రాశారు. ప్రభుత్వం తన ఇల్లు సర్దుకున్నప్పుడల్లా ఎవరిదో ఒకరి ఇల్లు గల్లంతవుతుందని వారికి నాటి నుండి గట్టి నమ్మకం.

1994లో వారు బందరులోని మన కార్యాలయానికి వచ్చారు. 1998లో మొదటి కంప్యూటరు వచ్చింది. హైదరాబాదులో ఆరు వారాల శిక్షణ పొంది వచ్చిన నన్ను దానికి బాధ్యుణ్ణి చేశారు. ఆ గదికి ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి రావాలని తలుపు మీద కాగితం అంటించాను. శోభనాద్రి గారు చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"అల్లావుద్దీన్ గారూ, ఇది తప్పు రాస్తే సంతకం ఎవరిదండీ?" అని అడిగారు.

"ఇది తప్పు రాయదండీ," అన్నాను.

"అయితే మీదేనన్నమాట," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆ మాట మూడేళ్ళ పాటు నా మనసులో ముల్లులా ఉండిపోయింది. నా ఉద్యోగానికి ఎసరు పెట్టాలని చూస్తున్నారేమోనని కూడా అనుమానించాను.

2001 ఆరంభంలో చిన్న పంచాయతీలను పక్కవాటిలో కలిపే ప్రతిపాదన వచ్చింది. ఇంటింటి సర్వే కాగితాలు మండలాల నుండి వస్తే, నా విభాగం వాటిని కంప్యూటరులో ఎక్కించి, జనాభా చాలని ఊళ్ళ జాబితా తీయాలి. జాబితాలో పడిన ఊరికి సొంత పంచాయతీ ఉండదు. కోడూరు మండలంలో సముద్రపు ఒడ్డునున్న ఇసుకమెరక అలా పడింది. రెండువందల నలభై ఎనిమిది ఇళ్ళ ఊరికి యంత్రం చూపిన జనాభా అరవై ఒక్కరు. పక్క ఊళ్ళో రొయ్యల చెరువుల వారిదే పెత్తనం. అందులో కలిస్తే, సముద్రానికి పోయే దారీ, మంచినీళ్ళ ట్యాంకూ ఇక వాళ్ళ తీర్మానాల మీదే ఆధారపడతాయి. ఇది ఇసుకమెరక వారికి తెలుసు. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నా జాబితా గడువుకు ముందే తయారైందన్న సంతోషమే.

ఆ రోజుల్లోనే శోభనాద్రి గారి నడవడిలో నాకు తేడా కనిపించింది. కోడూరు కాగితాల కట్ట పలచబడింది. వరసగా రెండు ఆదివారాలు వారు సంచీ చంకన పెట్టుకుని అవనిగడ్డ బస్సు ఎక్కడం నేను బస్టాండులో కళ్ళారా చూశాను. వెల్లుల్లి వాసన కూడా పడని ఆ మనిషి సంచీ నుండి సోమవారం ఉదయాల్లో ఎండుచేపల వాసన గుప్పుమనేది. ఇంకేం కావాలి? సర్వే కాగితాలు ఇంటికి తీసుకుపోతున్నారు, అంకెలు మారుస్తామని చెప్పి చేపలు పుచ్చుకుంటున్నారు అని తీర్మానించుకున్నాను. నన్ను నేను నిజాయితీపరుణ్ణని మెచ్చుకుంటూ, పేరు లేని ఒక ఫిర్యాదును తయారుచేసి అధికారి గారి బల్ల మీద చేర్చాను. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని ఈ కార్యాలయంలో నేటి వరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అధికారి గారు శోభనాద్రి గారిని అందరి ఎదుటా పిలిపించి సంచీ తెరవమన్నారు. అందులో చేపలు లేవు. సర్వే కాగితాలున్నాయి, వాటితోపాటు ఉప్పుమరకలు పడ్డ నలభై పేజీల చేతిరాత జాబితా ఉంది. ప్రతి వరుసలో ఒక ఇంటి నంబరు, ఒక పేరు, ఒక వేలిముద్ర. ఆ వెనకాలే, పిటిషను పట్టుకుని ఇసుకమెరక సర్పంచి నాంచారమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ ఊళ్ళో జనం లేరని కాగితాల్లో ఉందేంటమ్మా?" అని అధికారి గారు అడిగారు.

"ఎందుకు లేరండీ. మా ఊరోళ్ళు చలికాలం మూడు నెల్లూ పాయ అవతల దిబ్బ మీద పాకలేసుకుని వేట చేస్తారండీ. పిల్లాజెల్లాతో సహా ఎల్లిపోతాం. ముసలోళ్ళు ఓ అరవై మందే ఊళ్ళో ఉంటారు. మీ రాసేవోళ్ళు వొచ్చి, తలుపులకి తాళాలు చూసి ఎల్లిపోయారంట. తాళం మేమేగదండీ ఏసుకుంది," అంటూ ఆవిడ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "ఈయన ఆ దిబ్బ మీదకొచ్చి, మా మాట నమ్మలేదండీ. ప్రతి ఆడమనిషినీ తాళంచెవి చూపించమన్నారు. చేపలారేసిన చాప మీదే కూచుని రాసుకున్నారు. మళ్ళీ వారం వొచ్చి, మా పోతయ్య మావయ్య చేత ఇరవై చెవులు పట్టించి, ఊళ్ళో తాళాలు తీయించి చూశారు. ఇరవైకి ఇరవై పడ్డాయండీ. అప్పటిగ్గానీ మొహంలో నవ్వు రాలేదు."

సర్వే కాగితాల్లో 'తాళం' అని ఉన్నచోట కంప్యూటరులో సున్నా వేయమని నా విభాగానికి చెప్పింది నేను. అక్కడ ఏమి వేయాలో మండలాన్ని అడగాలన్న ఆలోచనే నాకు తట్టలేదు. శోభనాద్రి గారు నావైపు చూడలేదు. జాబితాను నా ముందు పెట్టి, "ఇది ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందండీ?" అని మాత్రం అడిగారు.

మర్నాడు వారు చెప్పులు విడిచి నా గదిలోకి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకున్నారు. తాళమున్న ఇంటికి సున్నా బదులు కారణం రాసే గడి ఒకటి పెట్టాం: ఖాళీ, వలస, వేట. ఇసుకమెరక జనాభా వెయ్యి నలభై తేలింది. అంతటితో ఊరుకుంటే వారు శోభనాద్రి గారు కారు. "సగానికి పైగా తాళాలున్న ఊళ్ళు ఇంకేమున్నాయో దీన్ని అడగండి," అన్నారు. చేత్తో వెతికితే నెలలు పట్టే పని, యంత్రం కాఫీ తాగేలోపు చెప్పింది. మరో మూడు ఊళ్ళు. మనుషుల్ని పంపి చూపిస్తే, రెండింటివారు ఉప్పు మడుల మీదకీ వేటకీ వెళ్ళినవారే. మూడోది నిజంగానే ఖాళీ. ఇసుకమెరకతో కలిపి మూడు పంచాయతీలూ ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఆ జాబితా చివర ఇద్దరం సంతకం చేశాం. అలా చేయాలని పట్టుబట్టింది వారు.

ఇంత చేసినా, అధికారిక పత్రాలు ఇంటికి తీసుకువెళ్ళారన్న అభియోగం మీద వారికి మెమో తప్పలేదు. అది తేలే వరకు సూపరింటెండెంటు పదోన్నతి పదకొండు నెలలు ఆగింది. ఆ పదకొండు నెలలూ వారు ఉదయం నన్ను చూసి "బావున్నారా అండీ" అని పలకరిస్తూనే ఉన్నారు. వారి శ్రీమతి నాగమల్లేశ్వరి గారు రంజానుకు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ ఖుర్షీదా పెట్టిన సేమ్యా తిని వెళ్ళారు. వారికి తెలియదు కాబట్టి మర్యాదగా ఉంటున్నారు, తెలిస్తే ఏమవుతుందోనని నేను నాలుగేళ్ళు భయపడ్డాను. సిగ్గు కూడా పడ్డాను. నోరు మాత్రం విప్పలేదు.

పోయిన వారం ఈ వ్యాసం కోసం వివరాలు అడిగితే, వారు ఒక ఫైలు ఇచ్చి రసీదు తీసుకున్నారు. నియామక పత్రం, బదిలీ ఉత్తర్వులు, అన్నీ తేదీల వారీగా ఉన్నాయి. 2001 దగ్గర నా ఫిర్యాదు ఉంది. మెమోతో జతపరచి వారికి ఇచ్చిన అసలు ప్రతి. అప్పట్లో మా ప్రింటరులో ఒక సూది విరిగి, అచ్చయ్యే ప్రతి వరుస మధ్యలోనూ సన్నని తెల్లగీత పడేది. ఫిర్యాదు నిండా ఆ గీత ఉంది. పేరు పెట్టకపోతే చాలనుకున్నాను, ఆ ప్రింటరున్న గది తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉండేదన్న సంగతి మరిచాను. కాగితం అంచున ఎర్ర సిరాతో, మెమో అందిన రోజు తేదీతో, వారి దస్తూరీ ఇలా ఉంది: "విచారించితిని. కాగితములు ఇంటికి తీసుకుపోవుట నా తప్పే. ఫిర్యాదుదారు అనుమానము న్యాయమైనది. మనిషి పనిమంతుడు. పైకి తీసుకుపోనక్కర లేదు."

నన్నే ఎందుకు రాయమన్నారో అప్పుడు అర్థమైంది. శోభనాద్రి గారూ, నన్ను క్షమించండి. నాలుగేళ్ళ క్రితమే మీ గదికి వచ్చి అడగవలసిన మాట ఇది.

శ్రీ శోభనాద్రి గారికీ, నాగమల్లేశ్వరి గారికీ ఆ పరమాత్ముడు నూరేళ్ళ ఆయుష్షునూ, మోకాళ్ళలో బస్సెక్కే బలాన్నీ, చత్వారం ముదరని కళ్ళనూ ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాను. రేపటి నుండి ఎప్పుడైనా బందరులో వారి ఇంటికి తాళం కనిపిస్తే, ఆ ఇల్లు ఖాళీ అని నేను రాయను. ఏ ఊరికి వెళ్ళారో, ఎవరిని లెక్కపెడుతున్నారో కనుక్కుని రాస్తాను.

మహమ్మద్ అల్లావుద్దీన్
కంప్యూటరు విభాగం
(నా సంతకంతో)